క్విల్ట్ బ్లాక్ కొలతకు ఎందుకు రాదు?

క్విల్ట్ అంటే గుడ్డముక్కలు కలిపి కుట్టే దుప్పటి, అందులో డిజైన్‌తో కుట్టే ఒక్కో చదరమే బ్లాక్. పన్నెండు అంగుళాల నక్షత్రం బ్లాక్ కుట్టాలని కూర్చుంటాం. చుట్టూ మార్జిన్‌తో కలిపి అది 12½ అంగుళాలు రావాలి. తీరా చూస్తే ఒక పక్క 12¼, ఇంకో పక్క 12⅜ వస్తుంది. ఎనిమిది మొనల్లో రెండు మూడు తెగిపోయి ఉంటాయి. చాలామంది ఇక్కడే డిజైన్ కష్టమైనదనుకుని దాన్ని పక్కన పెట్టి, ఇంకో డిజైన్ వెతుక్కుంటారు. కొత్త డిజైన్‌లోనూ అదే తేడా వస్తుంది, ఎందుకంటే తేడా డిజైన్‌లో లేదు.

క్విల్ట్ బ్లాకులు వందల రకాలు ఉన్నా, వాటిని విడదీసి చూస్తే లోపల ఉండేవి నాలుగైదు ముక్కలే: చదరం, పట్టీ, రెండు త్రికోణాలు కలిసిన చదరం, నాలుగు త్రికోణాలు కలిసిన చదరం, ఒక పెద్ద త్రికోణానికి రెండు పక్కలా చిన్న త్రికోణాలున్న దీర్ఘచతురస్రం. వీటిని ఎలా పేర్చామన్న దాన్ని బట్టి బ్లాక్ పేరు మారుతుంది. ఈ ముక్కలు కొలతకు రావడం, రాకపోవడం మూడు విషయాల మీద ఆధారపడుతుంది: కుట్టు వెడల్పు, గుడ్డలో పోగు దిశ, ఇస్త్రీ పెట్టే తీరు. కొత్త టెక్నిక్ ఏది నేర్చుకున్నా ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని ఇంకాస్త కష్టమైన చోట అదుపులో పెట్టడమే నేర్చుకుంటాం.

బొంతలు కుట్టిన ఇళ్లలో ఈ కొలతల గొడవ కొత్తగా అనిపిస్తుంది. బొంతలో కింద పాత చీర పరుస్తారు. దాని మీద ముక్కల్ని ఒకదాని అంచు మీదికి ఇంకోటి వచ్చేలా పేర్చి, అన్ని పొరల్నీ కలిపి చేత్తో కుట్టేస్తారు. ముక్క అర అంగుళం పెద్దదైనా చిన్నదైనా కిందున్న చీర మోస్తుంది, తేడా అక్కడికక్కడే ఆగిపోతుంది. బ్లాక్‌కి అలా కింద మోసే గుడ్డ లేదు. అంచుకు అంచు కలిపి కుడతాం కనుక ఒక ముక్కలో వచ్చిన తేడా పక్క ముక్కకూ, అక్కణ్నుంచి వరసకూ, చివరికి దుప్పటి మొత్తానికీ పాకుతుంది. బ్లౌజు కుట్టే చేయికి ఇంకో అలవాటు ఉంటుంది. అర అంగుళమో ముప్పావు అంగుళమో మార్జిన్ వదిలి, తర్వాత లోపలికి లాగో వదులు చేసో సరిచేసుకోవచ్చన్న ధీమా అది. బ్లాక్‌లో సరిచేసుకునే చోటు లేదు. మార్జిన్ పావు అంగుళమే.

పావు అంగుళం లెక్క

మన కుట్టు పావు అంగుళం కన్నా అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తీసుకుంటోందనుకుందాం. కంటికి ఆ తేడా కనపడదు. ఒక జోడింపులో రెండు ముక్కలుంటాయి, రెండింటి నుంచీ ఆ పదహారో వంతు పోతుంది. అంటే జోడింపుకి ఎనిమిదో వంతు నష్టం. తొమ్మిది చదరాల బ్లాక్‌లో అడ్డంగా జోడింపులు రెండు, కాబట్టి బ్లాక్ పావు అంగుళం చిన్నదవుతుంది. అదే పన్నెండు పట్టీలు కలిపితే జోడింపులు పదకొండు, నష్టం 1⅜ అంగుళాలు. పట్టీల బ్లాక్ పక్కన సాదా చదరం పెట్టి కుట్టబోతే ఒకటి ముడతలు పడి ఇంకోటి బిగుసుకుపోవడానికి కారణం ఇదే.

సరిగ్గా పావు అంగుళం గీసి, ఆ గీత మీదే కుట్టినా ముక్క కాస్త చిన్నదే వస్తుంది. ఇస్త్రీ చేసి ఒక పక్కకు మడిచినప్పుడు గుడ్డ మందం, దారం మందం ఆ మడతలోకి పోతాయి. అందుకే పావు అంగుళానికి ఒకటి రెండు పోగులు తక్కువగా కుట్టాలి. ఎంత తక్కువన్నది గుడ్డను బట్టి మారుతుంది. రూబియాకి ఒక పోగు చాలు, మందంగా ఉండే ఇక్కత్‌కి రెండు మూడు పోగులు కావాలి.

దీన్ని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. 1½ అంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున్న మూడు పట్టీలు కత్తిరించి, పొడవు వెంట కలిపి కుట్టండి. ఇస్త్రీ పెట్టి కొలవండి. మొత్తం 3½ అంగుళాలు రావాలి, మధ్య పట్టీ కచ్చితంగా ఒక అంగుళం ఉండాలి. మధ్య పట్టీ అంగుళం కన్నా తక్కువ వస్తే కుట్టు వెడల్పుగా పడుతోంది, ఎక్కువ వస్తే సన్నగా పడుతోంది. గుడ్డ మార్చినప్పుడు, సూది మార్చినప్పుడు, వేరే మిషన్ మీద కూర్చున్నప్పుడు ఈ పరీక్ష మళ్లీ చేయాలి. దీనికి పట్టేది పది నిమిషాలు.

టేపు విషయంలో ఒక జాగ్రత్త. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. దాన్ని ఆరు మిల్లీమీటర్లుగా లెక్కేసి కొన్ని ముక్కలు సెంటీమీటర్లలో, కొన్ని అంగుళాల్లో కత్తిరిస్తే తేడాలు పోగవుతాయి. మొదలుపెట్టిన కొలతలోనే చివరిదాకా ఉండాలి. ఏళ్లుగా వాడిన రెక్సిన్ టేపు సాగి ఉంటుంది. ముక్కలు కత్తిరించడానికి గట్టి ప్లాస్టిక్ స్కేలునే నమ్మాలి.

మిషన్‌ని సిద్ధం చేయడం

ఇంట్లో అమ్మమ్మ కాలం నాటి నల్లటి తొక్కే మిషన్ ఉంటే, బ్లాకులు కుట్టడానికి అది చక్కగా పనికొస్తుంది. జిగ్‌జాగ్ కుట్టే మిషన్లలో సూది కిందికి దిగే రంధ్రం వెడల్పుగా ఉంటుంది. త్రికోణం మొనను ముందుగా పెడితే సూది దాన్ని ఆ రంధ్రంలోకి తోసేస్తుంది. గుడ్డ అక్కడే ఇరుక్కుని కింద దారం ముద్దవుతుంది. పాత మిషన్‌లో తిన్నటి కుట్టు ఒక్కటే కనుక రంధ్రం చిన్నది, మొనలు మింగదు. జిగ్‌జాగ్ మిషన్ వాడేవాళ్లు ముందు ఒక పనికిరాని చిన్న గుడ్డముక్క మీద రెండు కుట్లు వేసి, దాన్ని తెంపకుండా వెనకే అసలు ముక్కను అందించాలి. మొన లోపలికి పోదు.

మామూలు ఫుట్ (గుడ్డను నొక్కి పట్టే పాదం) అంచు సూది నుంచి పావు అంగుళం దూరంలో ఉంటుందన్న హామీ లేదు. ఫుట్ ఎత్తి, స్కేలు మీది పావు అంగుళం గీత సరిగ్గా సూది మొన కిందికి వచ్చేలా పెట్టండి. స్కేలు వంకర పోకుండా చూసుకుని, దాని కుడి అంచును ఆనించి ప్లేటు మీద మాస్కింగ్ టేపు అంటించండి. టేపు ఒక్క పొర అయితే గుడ్డ దాని మీదికి ఎక్కేస్తుంది. ఐదారు పొరలు ఒకదాని మీద ఒకటి అంటిస్తే చిన్న గట్టులా నిలిచి గుడ్డను ఆపుతుంది. గుడ్డను వెనక్కి లాగే పళ్ల మీద టేపు పడకూడదు. కుట్టేటప్పుడు చూపు సూది మీద కాదు, గుడ్డ అంచు టేపును తాకే చోట ఉండాలి.

కుట్టు అంగుళానికి పదకొండు పన్నెండు పడేలా పెట్టుకోండి. అంతకన్నా దగ్గరైతే విప్పాల్సి వచ్చినప్పుడు గుడ్డ చిరుగుతుంది, దూరమైతే అంచుల్లో కుట్టు ఊడుతుంది. పల్చటి నూలుకి 11 నంబరు సూది, పాప్లిన్, మంగళగిరి లాంటి వాటికి 14. మొద్దుబారిన సూది టక్‌టక్‌మని చప్పుడు చేస్తుంది, పోగుల్ని చీల్చడం మాని లాగుతుంది. ఆ చప్పుడు వినపడగానే సూది మార్చాలి. మగ్గం వర్క్, ఎంబ్రాయిడరీ దుకాణాల్లో దొరికే మెరిసే దారం జోడింపులకు వద్దు. ఇస్త్రీకి జారుతుంది, ముడి నిలవదు.

గుడ్డ: పడుగు, పేక, క్రాస్

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో, కోఠి సుల్తాన్ బజార్‌లోనో మ్యాచింగ్ సెంటర్‌కి వెళితే వందలకొద్దీ రంగుల్లో రూబియా, పాప్లిన్ దొరుకుతాయి. ఇన్ని సాదా రంగులు ఒక్కచోట దొరకడం క్విల్ట్ కుట్టేవాళ్లకు నిజంగా వరం. అయితే అన్నీ నూలు కావు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఒకే బ్లాక్‌లో పల్చటి రూబియా, మందపాటి ఇక్కత్ పక్కపక్కన పెట్టకండి. మందపాటిది పల్చటిదాన్ని లాగేస్తుంది, బ్లాక్ ఆ పక్కకు వంగుతుంది.

టైలర్ల దగ్గర, బొటీక్‌ల దగ్గర మిగిలే కటింగ్ ముక్కలు ఊరికే వస్తాయి కదా అని సంచి నింపుకొచ్చేవాళ్లు ఉన్నారు. మంచిదే, కానీ ముందు వేరు చేసుకోవాలి. చంక దగ్గర, మెడ దగ్గర తీసిన ముక్కల్లో పోగు దిశ ఏదో వెంటనే తెలియదు. పట్టు ముక్కల అంచులు పోగులూడిపోతాయి. వాటి వెనక ఇస్త్రీ వేడికి అంటుకునే పల్చటి ఫ్యూజింగ్ గుడ్డ అంటించకుండా బ్లాక్‌లో వాడితే రెండు ఉతుకుల్లో జోడింపు విడిపోతుంది.

పోగు దిశ ఎందుకు ముఖ్యమో చేత్తో లాగి చూస్తే తెలిసిపోతుంది. పడుగు, అంటే నిలువు పోగుల వెంట లాగితే గుడ్డ దాదాపు కదలదు. పేక, అంటే అడ్డం పోగుల వెంట కొద్దిగా సాగుతుంది. ఏటవాలుగా, అంటే బ్లౌజుకు క్రాస్ కటింగ్ తీసే దిశలో లాగితే రబ్బరులా సాగి, వదిలినా మొదటి ఆకారానికి రాదు. త్రికోణానికి కనీసం ఒక అంచు ఎప్పుడూ క్రాస్‌లోనే ఉంటుంది. నక్షత్రాల బ్లాకులు వంకరపోవడానికి పెద్ద కారణం ఇదే.

పాప్లిన్ కొనేటప్పుడు దుకాణదారు చిన్న గాటు పెట్టి సర్రున చింపి ఇస్తాడు. ఆ చింపిన అంచు కచ్చితంగా పేక వెంటే ఉంటుంది. ఇంటికి తెచ్చాక దాన్నే ఆధారంగా పెట్టుకోండి. కాకపోతే చింపినచోట పావు అంగుళం దాకా పోగులు లాగుకుపోయి ఉంటాయి, ఆ మేరకు కత్తిరించి తీసేయాలి. కర (నేతలోనే వచ్చే పక్క అంచు) వైపు అర అంగుళం మేర కూడా తీసేయండి. అక్కడ నేత బిగువు వేరు.

పెడన కలంకారీ, పోచంపల్లి ఇక్కత్, నారాయణపేట చేనేత వాడాలనుకుంటే ముందు ఉతకడం తప్పనిసరి. మిల్లు గుడ్డకన్నా ఇవి కుదించుకుపోవడం ఎక్కువ, ఎరుపు, నీలం, నలుపు రంగులు వదులుతాయి కూడా. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు గట్టిపడుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఉప్పు పని అద్దకం జరిగేటప్పుడు. అప్పుడది రంగును పోగులోకి నెడుతుంది. అద్దకం అయిపోయిన గుడ్డలో పట్టని రంగును అది పట్టించలేదు, ఆ పూటకు వదలకుండా ఆపినట్టు కనిపిస్తుందంతే. నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకడమే అసలు దారి. చివర్లో తడి తెల్లగుడ్డను దాని మీద పెట్టి వేడి ఇస్త్రీ నొక్కండి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఇంకో ఉతుకు కావాలి.

కలంకారీలో ఇంకో చిక్కు ఉంది. చేత్తో అచ్చు వేసినప్పుడు అచ్చు వరస, పోగు వరస ఒక్కటిగా ఉండకపోవచ్చు. త్రికోణాలకు పోగునే అనుసరించండి. బ్లాక్ మధ్యలో ఒక నెమలినో పువ్వునో నిటారుగా చూపించాలంటే మాత్రం అచ్చును అనుసరించి కత్తిరించి, గంజి పెట్టి అదుపు చేసుకోవచ్చు.

గంజి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే త్రికోణాల బ్లాకుల్లో సగం కష్టం అది తీసేస్తుంది. అన్నం వార్చిన గంజిని పల్చటి గుడ్డలో వడగట్టి, మూడింతల నీళ్లు కలపండి. ఉతికిన గుడ్డను అందులో ముంచి పిండి, నీడన ఆరేసి, కాస్త తేమ ఉండగానే ఇస్త్రీ చేయండి. గుడ్డ దళసరి కాగితంలా నిలవాలి. ఆ తర్వాతే కత్తిరించాలి. కత్తిరించిన త్రికోణాలకు గంజి పెడితే తడికి అప్పటికే సాగిపోతాయి. వడగట్టకపోతే మెతుకు పలుకులు ఇస్త్రీ కింద గోధుమరంగు మచ్చలవుతాయి. గంజి పెట్టిన గుడ్డను వానాకాలమంతా బీరువాలో ఉంచొద్దు. బూజు పడుతుంది, వెండి పురుగులు కొరుకుతాయి. ఎంత వాడతామో అంతకే పెట్టుకుని, దుప్పటి పూర్తయ్యాక ఉతికేయాలి.

త్రికోణాల కొలత ఎక్కడ్నుంచి వస్తుంది

చదరానికి లెక్క తేలిక: పూర్తయ్యాక ఎంత కావాలో దానికి అర అంగుళం కలపడమే. రెండు త్రికోణాల చదరాన్ని హాఫ్ స్క్వేర్ అందాం, దానికి ⅞ అంగుళం కలపాలంటారు. ఇది గాల్లోంచి వచ్చిన సంఖ్య కాదు. త్రికోణం చుట్టూ పావు అంగుళం మార్జిన్ వేస్తే వాలు అంచు దగ్గర మొనలు ఇంకాస్త బయటికి పొడుచుకొస్తాయి. లెక్క కడితే కలపాల్సింది 0.854 అంగుళం. స్కేలు మీద దానికి దగ్గరి గీత ⅞, అంటే 0.875.

అయినా ⅞ కలిపి కత్తిరించమని చెప్పడం లేదు. పూర్తి అంగుళం కలిపి కత్తిరించి, కుట్టాక కొలతకు చెక్కుకోవడం మేలు. మూడంగుళాల ముక్క కావాలంటే రెండు రంగుల్లో నాలుగంగుళాల చదరాలు తీసుకోండి. బొమ్మ ముఖాలు (గుడ్డ పైవైపులు) ఎదురెదురుగా పెట్టి, పైదాని వెనక మూల నుంచి మూలకు పెన్సిల్ గీత గీయండి. ఆ గీతకు రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కత్తిరించండి. రెండు ముక్కలు వస్తాయి. క్రాస్ అంచును కత్తిరించకముందే కుట్టేశాం కనుక సాగడానికి వీలుండదు, ఈ పద్ధతిలో ఉన్న సుఖం అదే. ఇస్త్రీ చేశాక స్కేలు మీది 45 డిగ్రీల గీతను జోడింపు మీద ఆనించి, 3½ అంగుళాల చదరంగా చెక్కండి. ఎక్కువ కావాలంటే ఎనిమిదంగుళాల చదరాలు తీసుకుని రెండు మూలల గీతలూ గీసి, ప్రతి గీతకూ రెండు పక్కలా కుట్టి, నిలువుగా, అడ్డంగా, రెండు గీతల మీదా కోస్తే ఒకేసారి ఎనిమిది ముక్కలొస్తాయి. చదరం చుట్టూ నాలుగంచులూ కుట్టి మూలలకు కోసే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది. అందులో బయటి అంచులన్నీ క్రాస్‌లో పడతాయి. కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

నాలుగు త్రికోణాల చదరం, అంటే క్వార్టర్ స్క్వేర్‌కి కలపాల్సింది 1¼. ఇందులో త్రికోణం పొడుగు అంచు బ్లాక్ బయటివైపు వస్తుంది. అది తిన్నటి పోగు మీదే ఉండాలి కనుక చదరాన్ని రెండు మూలల వెంటా కోస్తాం. లెక్క ప్రకారం 1.207, స్కేలు మీద 1¼.

ఒక నక్షత్రం, మొదటి నుంచి చివరి దాకా

ఒహాయో స్టార్ నేర్చుకోవడానికి మంచి బ్లాక్. పూర్తయ్యాక పన్నెండంగుళాలు, లోపల నాలుగంగుళాల గళ్లు తొమ్మిది. నాలుగు మూలలు, మధ్య గడి సాదా చదరాలు. మిగిలిన నాలుగూ క్వార్టర్ స్క్వేర్‌లు.

నేపథ్యం గుడ్డలో 4½ అంగుళాల చదరాలు నాలుగు, 5½ అంగుళాల చదరాలు రెండు కావాలి. నక్షత్రం గుడ్డలో 4½ ఒకటి, 5½ రెండు. 5¼ చాలు, కానీ చెక్కుకోవడానికి పావు అంగుళం ఎక్కువ తీసుకుంటున్నాం. 36 అంగుళాల పన్నా గుడ్డలో 5½ అంగుళాల పట్టీ ఒక్కటి తీస్తే నేపథ్యం మొత్తం అందులోనే వస్తుంది: రెండు పెద్ద చదరాలకు 11 అంగుళాలు, నాలుగు చిన్నవాటికి 18, మొత్తం 29. 80 సెంటీమీటర్ల బ్లౌజు పీసు, ఉతికి అంచులు తీసేశాక కూడా, ఇలాంటి ఐదు బ్లాకుల నేపథ్యానికి సరిపోతుంది.

ఒక లేత, ఒక ముదురు పెద్ద చదరం కలిపి పైన చెప్పినట్టే రెండు హాఫ్ స్క్వేర్‌లు చేయండి. రెండో జతతో ఇంకో రెండు. ఇస్త్రీ అన్నింటికీ ముదురు వైపుకే. ఇప్పుడు రెండు హాఫ్ స్క్వేర్‌లను లేత ముదురు మీదికి, ముదురు లేత మీదికి వచ్చేలా ఎదురెదురుగా పెట్టండి. లోపలి మడతలు రెండూ ఎదురు దిక్కుల్లో ఉంటాయి కనుక వేళ్లతో తడిమి జరిపితే ఒకదానికొకటి ఒరుసుకుని ఆగిపోతాయి. ఆ పట్టు దొరికిన చోటే గుండుసూది. తర్వాత జోడింపుకి అడ్డంగా మూల నుంచి మూలకు గీత గీసి, రెండు పక్కలా కుట్టి కోయండి. అలా నాలుగు క్వార్టర్ స్క్వేర్‌లు. చెక్కేటప్పుడు స్కేలు మీద 2¼, 2¼ గీతలు కలిసే బిందువు సరిగ్గా నాలుగు త్రికోణాలు కలిసే చోట ఉండాలి, 45 డిగ్రీల గీత ఒక జోడింపు మీద పడుకోవాలి. రెండు అంచులు కోసి, ముక్కను తిప్పి మిగతా రెండూ కోయండి. మధ్య బిందువు పట్టించుకోకుండా ఒక మూల నుంచే 4½ కోస్తే ముక్క కొలతకు వస్తుంది, నక్షత్రం మాత్రం పక్కకు జరుగుతుంది.

వరసలు కలిపేటప్పుడు మొన కాపాడుకునే కిటుకు ముక్క వెనకవైపు ఉంది. రెండు పాత కుట్లు ఒకదాన్నొకటి దాటే చోట వెనక చిన్న ఇంటూ గుర్తులా కనిపిస్తుంది. మొన అక్కడే ఉంది. ఆ వైపు పైకి కనపడేలా పెట్టుకుని, సూది సరిగ్గా ఆ గుర్తుకు ఒక పోగు అవతల, మార్జిన్ వైపు దిగేలా కుట్టండి. గుర్తు మీదే కుడితే మడత మందానికి మొన కాస్త మునుగుతుంది, గుర్తుకు ఇవతల కుడితే తెగుతుంది.

మొదటి, మూడో వరసల మడతలు మూల చదరాల వైపుకి, రెండో వరస మడతలు మధ్య చదరం వైపుకి ఇస్త్రీ చేయండి. వరసలు కలిపేటప్పుడు మడతలు ఎదురెదురు దిక్కుల్లో పడి కూడళ్లు వాటంతటవే కుదురుతాయి.

ఇస్త్రీ నొక్కాలి, రుద్దకూడదు

చీర ఇస్త్రీ చేసినట్టు అటూ ఇటూ జరిపితే క్రాస్ అంచులు సాగిపోతాయి. పెట్టెను పైకెత్తి, ఒక చోట పెట్టి, రెండు మూడు సెకన్లు నొక్కి, మళ్లీ ఎత్తి పక్కన పెట్టాలి. మొదట ముక్కను విప్పకుండానే కుట్టు మీద ఒకసారి నొక్కండి, దారం గుడ్డలోకి దిగుతుంది. తర్వాత విప్పి, బొమ్మ వైపు నుంచి పెట్టె అంచుతో మడతను ఒక పక్కకు తొయ్యండి. వెనక నుంచి చేస్తే జోడింపు దగ్గర గుడ్డ సన్నగా మడతపడి, ఆ మేరకు ముక్క చిన్నదవుతుంది. కుట్టు సరిగ్గా ఉన్నా కొలత తగ్గిందంటే ముందు వెతకాల్సింది ఈ మడతనే. ఆవిరి త్రికోణాలకు వద్దు. ఎనిమిది మొనలు ఒకే చోట కలిసే బ్లాకుల్లో మాత్రం మడతను రెండు పక్కలకూ విడదీసి నొక్కడం మంచిది, లేకపోతే అక్కడ గుబ్బ కడుతుంది.

ఇక్కణ్నుంచి ఏవి, ఏ వరసలో

ఫ్లయింగ్ గీస్, అంటే మొదట చెప్పిన పెద్ద త్రికోణానికి రెండు పక్కలా చిన్న త్రికోణాలున్న దీర్ఘచతురస్రం: 3×6 ముక్కలు నాలుగు కావాలంటే 7¼ చదరం ఒకటి, 3⅞ చదరాలు నాలుగు. గుడ్డ వృథా కాదు. పెద్ద త్రికోణం మొన పై అంచుకు పావు అంగుళం కింద ఆగిందో లేదో చూసుకోవడమే ఇందులో పరీక్ష. అంచును తాకుతుంటే తర్వాతి కుట్టులో తెగుతుంది.

మధ్య చదరం చుట్టూ పట్టీలు కుట్టుకుంటూ పోయే లాగ్ క్యాబిన్‌కి త్రికోణాలే లేవు, అయినా చాలామందికి బ్లాక్ గిన్నెలా లేస్తుంది, లేదా అంచులు అలలు తిరుగుతాయి. పొడుగు పట్టీని అలాగే పెట్టి కుట్టి, చివర కత్తిరించడం వల్ల వచ్చే తేడా అది. మిషన్ పళ్లు కింది గుడ్డను ఎక్కువ లాగుతాయి. పట్టీల్ని ముందే కొలతకు కత్తిరించి, రెండు చివరలూ కలిపి గుండుసూది గుచ్చి కుట్టాలి. మధ్య చదరం 2½, పట్టీ వెడల్పు 1½ అనుకుంటే మొదటి చుట్టు పొడవులు 2½, 3½, 3½, 4½. రెండో చుట్టు 4½, 5½, 5½, 6½. మూడోది 6½, 7½, 7½, 8½. బ్లాక్ 8½ అంగుళాలకు వస్తుంది.

కాగితం మీద కుట్టే ఫౌండేషన్ పద్ధతి సన్నటి మొనలకు సాటిలేనిది, ఎందుకంటే గీత మీదే కుడతాం, కొలత కాగితానిది. రెండు చోట్ల దెబ్బతింటుంది. జిరాక్స్ షాపులో ప్రింట్ తీసేటప్పుడు పేజీకి సరిపడా కుదించేస్తారు. 100 శాతం సైజులో ఇమ్మని చెప్పి, షీటు మీది అంగుళం గడిని అక్కడే కొలవండి. రెండోది, బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది, అక్షరాలు కుట్టేటప్పుడు ఇది గుర్తుండాలి. 14 నంబరు సూది, అంగుళానికి పదహారు నుంచి పద్దెనిమిది కుట్లు పెడితే కాగితం సులువుగా చిరుగుతుంది. ప్రతి ముక్కా కావాల్సిన దానికన్నా నాలుగు వైపులా అర అంగుళం పెద్దది కోయండి. వార్తాపత్రిక వాడొద్దు, ఇస్త్రీకి సిరా అంటుతుంది.

మిషన్ లేనివాళ్లకు షట్కోణాలు. అంగుళం భుజమున్న షట్కోణానికి 2½ అంగుళాల గుడ్డ చదరం చాలు. అట్టకు గుడ్డ మడిచి కచ్చా కుట్టు వేసి, అంచులు కలిపి అంగుళానికి పన్నెండు నుంచి పదహారు సన్న కుట్లు వేయాలి. పెళ్లి కార్డుల పై అట్ట మరీ మందం, మడత గుండ్రమవుతుంది. లోపలి షీటు సరైన మందంలో ఉంటుంది. షట్కోణం మూలలు అట్టకే కట్టుబడి ఉంటాయి కనుక ఇక్కడ కొలత పోయేది అట్టను కత్తిరించడంలోనే. ఒక్క ప్లాస్టిక్ అచ్చుతో అన్నీ గీయాలి, కత్తిరించిన అట్టను పెట్టి ఇంకో అట్ట గీస్తే ప్రతిసారీ పెన్సిల్ మందం పెరుగుతూ పోతుంది.

వంపుల బ్లాకులు ఆఖరున పెట్టుకోండి. అక్కడ క్రాస్ సాగడమే మనకు సాయం చేస్తుంది. లోపలికి వంగిన ముక్కను పైన ఉంచి, మధ్యలో, రెండు చివర్లా గుండుసూదులు గుచ్చి, మెల్లగా కుట్టాలి. ఆఫీసు గుండుసూదులు లావు, రంధ్రాలు మిగులుతాయి. బేగంబజార్‌లో దొరికే గాజు తల సన్న సూదులు కొనుక్కోండి.

కొలతకు రాని బ్లాకుల్ని ఏం చేయాలి

నేర్చుకునేటప్పుడు కుట్టిన బ్లాకులన్నీ ఒక్క కొలతకు రావు. వాటిని విప్పనక్కర్లేదు. ప్రతి బ్లాక్ చుట్టూ ఒకే రంగు గుడ్డతో 1½ అంగుళాల పట్టీ కుట్టండి. 12½ వచ్చిన బ్లాక్ 14½ అవుతుంది, 12¼ వచ్చింది 14¼ అవుతుంది. అన్నింటినీ 14 అంగుళాలకు చెక్కేయండి, బ్లాక్ మధ్యలో ఉండేలా నాలుగు వైపులా సమంగా. పట్టీ వెడల్పులో కాస్త తేడా ఉంటుంది కానీ కంటికి ఆనదు. నేపథ్యం రంగే పట్టీకి కూడా వాడితే అసలు తెలియదు.

అలాంటి బ్లాకులు పన్నెండు, మూడు అడ్డం, నాలుగు నిలువు పెడితే 41×54½ అంగుళాల దుప్పటి పైభాగం వస్తుంది. వెనక గుడ్డ నాలుగు వైపులా మూడంగుళాలు ఎక్కువుండాలి. 36 పన్నాలో 47 అంగుళాల ముక్కలు రెండు తీసి కర అంచులు కత్తిరించి పక్కపక్కన కలిపితే సరిపోతుంది. కుదించుకుపోవడానికీ, చింపిన అంచుకూ కలిపి 2¾ మీటర్లు కొనండి. మధ్య పొరకు హైదరాబాద్ చలికి దళసరి పాలిస్టర్ వాడింగ్ అక్కర్లేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు దుప్పటి ఒకటి పరిస్తే చాలు. ఏకిన దూది పరచాలనుకుంటే మాత్రం కుట్టు వరసల మధ్య దూరం రెండంగుళాలు దాటనివ్వకండి. దాటితే మొదటి ఉతుక్కే దూది ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది.